సున్నపు బొట్టు పెట్టిన సొరకాయ

ఇవాళ పొద్దున వేలి కొసకు ఇంత సున్నం తీసుకొని పెరట్లోకి వెళ్ళాను. నేను వక్కాకు వేసుకోవడం మానేసి ఇరవై ఏళ్ళవుతోంది, అయినా సున్నపు కాయను, అదే సున్నం పెట్టుకునే డబ్బీని, ఎండనివ్వను. కోడలికి అదొక వింత. పందిరి మీద ఈ ఏడు రెండో సొరకాయ జానెడు పొడవుకు వచ్చింది. మెడ దగ్గర నూగు ఇంకా పోలేదు. దాని మీద బొట్టు పెడుతుంటే తడి సున్నం వాసన, నలిగిన సొరాకు పచ్చి వాసన కలిసి ముక్కుకు తగిలాయి. అంతే, ఎనభై దాటిన ముసలిదాన్ని కాకుండా పోయాను. ఆదోని బయట, ఎమ్మిగనూరు బాట పక్కన, కాళ్ళకు నల్లరేగడి అంటుకొని నిలబడ్డ తొమ్మిదేళ్ళ పిల్లనయ్యాను. పక్కన ఖాసింబీ అవ్వ నిలబడి ఉంది.

మీరెవరూ ఆమెను చూడలేదు కనుక ముందు ఆమె ఎలా ఉండేదో చెప్పాలి. పొట్టి మనిషి. గళ్ళ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని, చేతులకు రెండేసి మట్టి గాజులతో ఎప్పుడూ ఏదో ఒక పాదు దగ్గర వంగి ఉండేది. నిటారుగా నిలబడగా నేను చూసింది తక్కువ. మాట కూడా పొదుపే. ఆదోనిలో మా వీధికి కూరగాయల గంప తెచ్చేది. కొనేవాళ్ళు గంపలో చేయి పెట్టి కెలికితే, వాళ్ళ చేతిలోని కాయను మెల్లగా తీసుకొని తిరిగి గంపలో పెట్టేది. ఆ తర్వాత ఇంకెవరూ కెలికేవారు కాదు. ఆమె భర్త పీరుసాబు తాత తోటలో కపిల, అంటే ఎడ్లతో బావి నీళ్ళు తోడే మోట, తోలేవాడు. ఇద్దరికీ కలిపి ఒక బావి, రెండెడ్లు, ఎకరన్నర తోట. ఒక్కగానొక్క కూతుర్ని నందవరంలో ఇచ్చారు.

మా నాయన పత్తి వ్యాపారి. అప్పట్లో ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. ఒక కార్తీక మాసంలో మా ఇంటి ధాన్యం గదిలో ఎలుక చచ్చి పడింది. ఆ రోజుల్లో దానికి అర్థం ఒక్కటే. ప్లేగు వస్తోందని మనుషుల కంటే ముందు ఎలుకలు చెప్పేవి. మర్నాటికల్లా వీధి వీధంతా మూటలు కట్టింది. ఊరు విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకొని, రోగం చల్లారేదాకా అక్కడే ఉండడం మా పెద్దలకు అలవాటైన పనే. చుట్టాలున్న వాళ్ళు చుట్టాల పొలాలకు పోయారు. మాకు సొంత పొలం లేదు. నాయన పీరుసాబును అడిగితే, తోట అంచున జొన్నచొప్ప గుడిసెలు రెండు వేయించి పెట్టాడు. అమ్మ, నేను, ఆరేళ్ళ తమ్ముడు గోవిందు ఒక బండిలో, వంటపాత్రలు ఇంకో బండిలో అక్కడికి చేరాం.

పెద్దవాళ్ళకు అది కష్టకాలం. ఊళ్ళోంచి వచ్చే కబుర్లు వింటూ అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నాకు గుర్తుంది. కానీ నిజం చెప్పడానికి ఈ వయసులో సిగ్గెందుకు, నా బాల్యంలో అంత సంతోషం మళ్ళీ ఎరగను. ఊళ్ళో ఉన్నప్పుడు నాయన మాకు చెప్పుల చప్పుడుగా తప్ప తెలియడు. తోటకు వచ్చాక పొద్దున ఊరి బయటి పత్తి కొట్టుకు వెళ్ళి, ఎండ వాలకముందే తిరిగి వచ్చేసేవాడు. మూడు రాళ్ళ పొయ్యి మీద అమ్మ జొన్నరొట్టెలు కాలుస్తుంటే, అందరం నేల మీద వరుసగా కూర్చొని, పొయ్యి మీది రొట్టె పొయ్యి దగ్గరనే పంచుకొని పుంటికూరతో, అదే గోంగూరతో, తినేవాళ్ళం. నాయన రొట్టె తుంచి గోవిందు నోట్లో పెట్టడం మొదటిసారి చూసినప్పుడు, అమ్మ అట్లకాడ పట్టుకొని అలాగే ఉండిపోయింది. ఒక రొట్టె మాడింది.

పగలంతా మాకు కపిలే లోకం. ఎడ్లు వాలుబాటలో కిందికి దిగుతుంటే పెద్ద తోలుబాన నీళ్ళతో పైకి వస్తుంది. బరువు కోసం పీరుసాబు తాత మోకు మీద కూర్చునేవాడు. ఆయన వెనక గోవిందు, వాడి వెనక నేను. దిగేటప్పుడు కడుపులో కితకితలు. బాన ఒలికి నీళ్ళు తొట్టిలో పడి, కాలువలో పరుగెత్తి, ఒక్కో మడిలోకి మళ్ళేవి. ఆ మళ్ళించే పని అవ్వ నాకు నేర్పింది. పారతో ఒక కట్ట తెంచాలి, ఇంకోటి వేయాలి. మడి నిండిందో లేదో కంటితో కాదు, పాదంతో తెలుసుకోవాలి. నేను రెండు సార్లు బీరపాదును ముంచేసి, మూడోసారి సరిగ్గా కట్ట వేశాను.  అవ్వ ఒక లేత దోసకాయను చీర చెంగుకు తుడిచి నా చేతిలో పెట్టింది. వాళ్ళింటి వంట మేం తినకూడదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. పచ్చికాయకు మాత్రం అంటూముట్టూ లేదని అమ్మ తనకు తానే ఒక తీర్పు చెప్పుకుంది. ఆ తీర్పు పుణ్యమా అని ఆ నాలుగు నెలలూ నా నోరు ఖాళీగా లేదు.

సాయంత్రం సొరపూలు విచ్చుకునే వేళ అవ్వ మమ్మల్ని పందిరి కింద కూర్చోబెట్టేది. మిగతా పూలన్నీ ముడుచుకుంటుంటే ఇవి తెల్లగా తెరుచుకునేవి. ఏది ముందు విచ్చుకుంటుందో నేనూ గోవిందూ పందెం వేసుకునేవాళ్ళం. ఆ సొర మామూలు సొర కాదు. మెడ సన్నగా, అడుగు కుండలా, కండ వెన్నలా ఉండేది. ఆలూరు దగ్గరి పల్లె నుంచి పెళ్ళికూతురిగా వచ్చినప్పుడు అవ్వకు వాళ్ళమ్మ చీర కొంగున ముడి వేసి ఇచ్చిన విత్తనం అది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. వాళ్ళమ్మ పోయింది, పుట్టింటి దొడ్డీ పోయింది. మిగిలింది ఈ తీగే. ఇదంతా అవ్వ ఒక్కసారి కూర్చొని చెప్పలేదు. నీళ్ళు కడుతూ ఒక ముక్క, కలుపు తీస్తూ ఒక ముక్క చెప్పింది.

ఆమె కాయలు కోసే పద్ధతి వేరు. తీగకు మొదటి కాయ దర్గా దగ్గరి ఫకీర్లకు పోయేది. రెండో కాయ మీద సున్నపు బొట్టు పడేది. మూడో కాయ నుంచి ఇంటికి, అంగడికి. బొట్టు పెట్టిన కాయ తీగ మీదే ముదిరి, తొక్క చెక్కలా అయ్యి, లోపల గింజ గలగలమనేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. వచ్చే ఏటి విత్తనం అదే. ఈ పద్ధతి నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఈ కథ లేదు.

ఆ ఏడు మూడు తీగలకు మూడు బొట్టు కాయలున్నాయి. పుష్యమాసంలో ఒక సంత రోజు, నందవరంలో కూతురికి నలతగా ఉందని కబురొస్తే అవ్వ తెల్లవారే బస్సులో వెళ్ళింది. తాత కపిల మీద ఉన్నాడు. గంపలు నింపి ఉంచితే పక్క తోటవాళ్ళ బండిలో, ఊరి బయటికి మారిన అంగడికి పోతాయని, ఆ పని అవ్వ పోతూ పోతూ నాకు అప్పజెప్పింది. నా మీద అంత నమ్మకం అంతకు ముందు ఎవరూ పెట్టలేదు. బీరకాయలు, మటిక్కాయలు, అదే గోరుచిక్కుళ్ళు, నింపాను. సొరపందిరి కిందికి వెళితే మూడు కాయల మీద సున్నపు గుర్తులు కనిపించాయి. ఇక్కడే నా పుట్టుక నన్ను ముంచింది. మా నాయన కొట్టులో పత్తి కుక్కిన పెద్ద సంచులు వస్తాయి కదా, నాయన వాటిలో చేయి పెట్టి, పింజ లాగి చూసి, బాగుందని తల ఊపితే గుమాస్తా ఆ సంచి మీద సున్నంతో గీత గీసేవాడు. గీత పడ్డదే మొదట బండెక్కాలి. మంచి సరుకు ఇంట్లో ఆగితే మచ్చ పడుతుందని నాయన మాట. అవ్వ మంచి కాయలకు గుర్తు పెట్టి, తొందరలో కోయడం మరిచిపోయి వెళ్ళిందని నేను అనుకున్నాను. కొడవలితో మూడూ కోసి, గంప పైన అందంగా పేర్చి బండికి ఎత్తించాను. ఆ పగలంతా ఆమె ఎప్పుడొస్తుందా, ఎప్పుడు మెచ్చుకుంటుందా అని బాట వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఎండ వాలేవేళకు వచ్చింది. కాళ్ళు కడుక్కొని, అలవాటుగా పందిరి కిందికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. ఆమె ఒక తీగ దగ్గర ఆగింది, రెండో తీగ దగ్గర ఆగింది, మూడోది చూడకుండానే వెనక్కి తిరిగింది.

"గురుతు పెట్టిన కాయలు యాడ మా?"

"అంగడికి పంపించినాను అవ్వా. నువ్వు మర్చిపోయి పోయింటే నేనే చూసి కోసినా" అన్నాను, ముఖమంతా వెలుగుతో.

ఆమె కాలువ గట్టు మీద కూర్చుంది.  కొంగు అంచును వేళ్ళతో తడుముకుంది. ఒకప్పుడు ఆ విత్తనం ముడి ఉన్నది కొంగునే కదా. కపిల దిగి వచ్చిన తాత ఆమె ముఖం, పందిరి ఖాళీ చూసి నోరు తెరవబోతే, చేయి ఎత్తి ఆపింది. అప్పటికి నా వెలుగంతా ఆరిపోయింది. ఏదో చేయరానిది చేశానని తెలుసు, ఏమిటో తెలియదు.  అప్పుడు అవ్వ నన్ను దగ్గరికి పిలిచి, మొదటి కాయ ఎవరిదో, రెండోది ఎందుకో చెప్పింది. చివర్లో ఆమె అన్న మాటలు మాత్రం ఈనాటికీ అక్షరం పొల్లు పోలేదు.

"నువ్వు మంచియే ఏరినావు మా. మంచిది ఏదో నీ కంటికి తెలిసింది. దాన్ని ఎందుకు ఇడిసిపెడతామో, అది నేనే నీకు సెప్పలేదు."

తప్పు నాదైతే దానిలో సగం తాను తీసుకుంది. పెద్దవాళ్ళు అలా కూడా చేయగలరని నాకు అంతవరకు తెలియదు. ఆమె కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. కొడితే ఏడ్చి మరిచిపోయేదాన్ని.

సంత రోజు కనుక నాయన ఆలస్యంగా వచ్చాడు, రాగానే సంగతి తెలిసింది. ఎక్కడి విత్తనమైనా సరే, బళ్ళారి నుంచైనా మనిషిని పంపి తెప్పిస్తానన్నాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. "తెప్పిస్తే అదీ కాస్తాది సెట్టీ. కాయదని కాదు. అది మా యమ్మ ఇచ్చింది కాదు గదా" అంది.  మర్నాడు నాయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ, కన్నీళ్ళూ ఒకేసారి వస్తాయి. పత్తి బేరాలు పక్కన పెట్టి, తలపాగా, కోటుతో అంగట్లో కూరగాయల గంపల మధ్య తిరిగాడట, సన్నమెడ సొరకాయ కోసం. రెండు అప్పటికే ఎవరి కూరలోకో పోయాయి. మూడోది ఒక ముసలావిడ గంపలో సగం కోసి ఉంటే, ఆ సగాన్ని చంకన పెట్టుకొని మధ్యాహ్నమే తోటకు వచ్చాడు. అవ్వ దాన్ని రెండు చేతులా అందుకొని గింజ ఒకటి గోటితో నొక్కింది. మీగడలా మెత్తగా, తెల్లగా ఉంది. లోపల పప్పు కట్టలేదు. అయినా ఆ సగం కాయను ఆమె పారవేయలేదు. ఆ రోజు తమ ఇంట్లో అదే వండింది.

తీగలు అప్పటికి ముసలివి, మిగతా కాయలన్నీ అంతకు ముందే అంగడికి పోయాయి, పాత విత్తనమూ మిగల్లేదు. ఆకులు అంచులు పండుతున్నాయి. రోజూ పొద్దున నేనూ అవ్వా పందిరంతా ఆకు ఆకు ఎత్తి వెతికేవాళ్ళం. వేసిన పిందె వేసినట్టే పసుపెక్కి రాలిపోయేది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, తీగ కట్టకడపటి కొసన, పందిరి దాటి కంచె మీదికి పాకిన చోట, గోవిందు ఒక పిందెను చూశాడు. బొటనవేలంత ఉంది. అవ్వ దానికి అడ్డంగా ఎండాకు కప్పి, సున్నపు కాయ నా చేతికిచ్చి, నన్నే బొట్టు పెట్టమంది.  "ఇంక దీని నీళ్ళు నీయే" అని, మిగతా కొసలన్నీ తుంచేసి, ఆ తీగ బలమంతా ఆ ఒక్క పిందెకే వదిలింది. అప్పటి నుంచి పొద్దున ఒక కడవ, సాయంత్రం ఒక కడవ నేను మోశాను. శెట్టి కూతురు నీళ్ళు మోయడమేమిటని అమ్మ ఒకసారి అంటే, నాయన, మోయనీ అన్నాడు.

శివరాత్రి దాటాక ఊరు చల్లబడింది. గుడిసెలు విప్పి అందరూ ఇళ్ళకు తిరిగిపోతున్నారు. పిందె అప్పటికి మూరెడయింది కానీ ఇంకా పచ్చిగానే ఉంది. నేను బండి ఎక్కనని మొండికేశాను. అమ్మ తిట్టింది, గోవిందు నా పక్కన చేరాడు. నాయన కాసేపు మీసం దువ్వుకొని, వారానికొకసారి తానే తీసుకొస్తానని మాట ఇచ్చాడు. వ్యాపారి మాట కదా, నేను పెద్దగా నమ్మలేదు. కానీ ఆయన తప్పలేదు. సంత మర్నాడు కొట్టు కాస్త ఆలస్యంగా తెరిచేవాడు. మొదట నాయన, నేను, గోవిందు పోయేవాళ్ళం. రెండు వారాలకు అమ్మ కూడా పెరుగన్నం మూట కట్టుకొని బండెక్కింది. కాయ చూడడం ఒక వంక. నిజానికి నలుగురం కాలువ గట్టు మీద కూర్చొని తినడం మాకు అలవాటైపోయింది. ప్లేగు మా ఊళ్ళో ఎందరి ఇళ్ళలోనో దీపం ఆర్పింది. మమ్మల్ని మాత్రం ఒకచోట కూర్చోబెట్టింది. ఆ మాట పైకి అనడానికి ఇప్పటికీ భయంగానే ఉంటుంది.

ఎండలు ముదిరి బావిలో నీళ్ళు అడుగంటాయి. మిగతా మళ్ళు ఎండినా ఆ ఒక్క పాదుకు అవ్వ తాను తాగే కుండలోంచి చెంబు పోసేదని తాత చెప్పాడు. కాయ గట్టిపడి, గోధుమరంగు తిరిగి, చివరికి ఎండింది. తొలకరి ముందు ఒక రోజు మా అందరి ఎదుట అవ్వ దాన్ని కత్తితో చీల్చి, గింజలు నీళ్ళ గిన్నెలో వేసింది. తాలువి తేలతాయి, గట్టివి మునుగుతాయి. ముసలి తీగ కడపటి కాయ కదా, తేలినవే ఎక్కువ.  అడుగుకు చేరినవి పద్దెనిమిది. ఆమె వాటిని అరచేతిలో ఆరబెట్టి, రెండు వాటాలు చేసి, ఒక వాటా నా పరికిణీ అంచున ముడి వేసింది.

"అదేందే, పోగొట్టిన పిల్ల చేతికే ఇస్తాండావు" అన్నాడు తాత.

"పోగొట్టినోళ్ళకే తెలిసేది దాని ఇలువ. ఒక ఇంట్లోనే పెట్టి తప్పు చేసినా ఇన్నేండ్లు. రెండిండ్లలో ఉంటే ఒక ఇంట్లో పోయినా ఇంకో ఇంట్లో ఉంటాది" అంది అవ్వ.

మా దొడ్డిలో నాలుగు మొలిచాయి. ఆ ఏడు నుంచి సున్నపు బొట్టు నాది. పదిహేనో ఏట నన్ను ఎమ్మిగనూరులో నూలు వ్యాపారం చేసేవాళ్ళింటికి ఇచ్చినప్పుడు, వేపాకు బూడిదలో కలిపిన గింజలు ఒక ఇత్తడి డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాను. మా అత్తగారు మంచి మనిషి. ఆమెతో నేను పోట్లాడింది జన్మలో ఒక్కసారి, ఒక సొరకాయ కోసం. వియ్యాలవారు వస్తే పందిరి మీద బొట్టు పెట్టిన ఆ పెద్ద కాయనే కోయమంది. నేను కోయనన్నాను. కొత్త కోడలు కూరకాయ దగ్గర కక్కుర్తి పడుతోందని ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను కానీ, గదిలోకి పోయి ఏడ్చాను.

ఆ ఏడే, యుద్ధం రోజుల్లో, బొగ్గుతో నడిచే బస్సు దిగి ఒక మధ్యాహ్నం ఖాసింబీ అవ్వ మా వాకిట్లో నిలబడింది. మనిషి చిక్కి సగమైపోయింది. పీరుసాబు తాత అంతకు ముందటేడే పోయాడు. రెండేళ్ళు వానల్లేక బావి అడుగు కనిపించింది. మొదటేడు సగం విత్తనం వేస్తే మొలిచి మాడింది. రెండో ఏడు మిగిలిన సగం వేస్తే అదీ మాడింది. ఇదంతా నీళ్ళు తాగి, అరుగు మీద కూర్చొని, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది.  జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఆ రోజు అడిగింది.

"రత్నమ్మా, మా యమ్మ ఇత్తనం నీ తాన ఉండాదా?"

నేను లోపలికి పరిగెత్తాను. డబ్బా మూత రాలేదు, పళ్ళతో లాగాను. అత్తగారు కోయమన్న ఆ కాయ గింజలే, ఒక దోసెడు. అవన్నీ తెచ్చి ఆమె ఒడిలో కుమ్మరించాను. ఆమె ఒక్కొక్క గింజను వేళ్ళ మధ్య నొక్కి చూసింది. ముఖం ఎత్తలేదు. కొంగు మీద రెండు చుక్కలు పడ్డాయి. తర్వాత గింజలను రెండు వాటాలు చేసి, ఒకటి కొంగున ముడి వేసుకుంది, ఇంకోటి నా చేతిలో పెట్టింది. అన్నీ నీకే అవ్వా, నాకు పెరట్లో ఇంకో కాయ ముదురుతోంది అన్నాను.

"సగమే మా. అన్నీ తీసుకుపోతే నేను నేర్సుకున్నది ఏముంది?"

వెనక తలుపు చాటున నిలబడి వింటున్న మా అత్తగారు ఆ సాయంత్రం ఆమెను ఉండిపొమ్మంది. అరుగు మీదే విస్తరి వేసి, తానే వడ్డించింది. మర్నాడు బస్సుకు సాగనంపి వచ్చి, పందిరి కింద నిలబడి, ఏ కాయకు బొట్టు పెట్టాలో నన్ను అడిగింది.

అవ్వ పోయి డెబ్బై ఏళ్ళు దగ్గరపడుతోంది. ఇప్పటికీ వేసవి చివర గింజలు నీళ్ళలో వేసి, మునిగినవి ఆరబెట్టి, రెండు వాటాలు చేస్తాను. ఒక వాటా ఆదోనిలో ఆమె మనవరాలి కొడుకు ఇంటికి పోతుంది. రెండేళ్ళ కిందట నా తీగకు తెగులు తగిలి ఒక్క కాయా దక్కకపోతే, ఆ ఇంటి నుంచే కాగితం పొట్లంలో గింజలు వచ్చాయి, అడగకుండానే. నా ఇత్తడి డబ్బా ఎప్పుడు తెరిచినా అందులో ఉండేది సగమే. మిగతా సగం ఎక్కడుందో నాకు తెలుసు కనుక, రాత్రి నిశ్చింతగా నిద్రపోతాను.